బిగువైన ఎంజైమ్ మందకొడిదేనా?

ఎంజైమ్ చురుగ్గా పనిచేయాలంటే దాని నిర్మాణంలో కొంత సడలింపు ఉండాలని, వేడికి తట్టుకోవాలంటే బిగువు ఉండాలని, ఒకటి కావాలంటే రెండోదాన్ని కొంత వదులుకోక తప్పదని జీవరసాయన శాస్త్ర పాఠాల్లో తరచుగా చెబుతారు. వేడినీటి ఊటల్లో బతికే బాక్టీరియాల ఎంజైములు గది ఉష్ణోగ్రత వద్ద చాలావరకు మందకొడిగా ఉండటమూ, మంచు ప్రాంతాల బాక్టీరియాల ఎంజైములు చలిలో చురుగ్గా ఉండి కాస్త వేడికే చెడిపోవడమూ ఈ మాటకు బలమైన ఆధారాలే. అయినా అన్ని ఎంజైములనూ ఇలా ఒకే గాటన కట్టడం సరికాదని నా అభిప్రాయం. దానికి కారణం మన హైదరాబాదులోనే, హబ్సిగూడలోని సీసీఎంబీలో (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), ఒక చిన్న లైపేజ్ (కొవ్వులను విడగొట్టే ఎంజైమ్) మీద జరిగిన పరిశోధన.

బాసిల్లస్ సబ్టిలిస్ అనే నేల బాక్టీరియా తయారుచేసే ఈ లైపేజ్‌లో ఉన్నవి 181 అమైనో ఆమ్లాలే. కొవ్వులను విడగొట్టే ఎంజైముల్లో చాలావాటికి క్రియాస్థానం (రసాయన చర్య జరిగే చోటు) మీద మూతలాంటి భాగం ఉంటుంది. నూనె, నీరు కలిసే చోట అది తెరుచుకుంటే గాని పని సరిగా సాగదు. దీనికి ఆ మూతే లేదు. 77వ స్థానంలోని సెరిన్, 133వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం, 156వ స్థానంలోని హిస్టిడిన్ అనే, చర్యను నడిపే మూడు అమైనో ఆమ్లాలు తగిన దూరంలో, తగిన కోణంలో నిలిచి ఉండటమే ఇక్కడ ముఖ్యం.

జన్యువులో యాదృచ్ఛికంగా మార్పులు చేసి, వేడికి నిలిచినవాటిని ఏరుకుంటూ పలు దఫాలుగా సాగిన ఆ పనిలో 12 మార్పులున్న ‘6బి’ అనే రూపం తయారైంది. 2011లో ప్రచురించిన వివరాల ప్రకారం అది 78 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని మడతలు విడిపోయి విచ్చుకోదు. సహజ రూపం కంటే ఇది దాదాపు 22 డిగ్రీలు ఎక్కువ. సహజ రూపం వేడి చేస్తే ఉడికిన గుడ్డు తెల్లసొనలా ముద్దకడుతుంది, 6బి ముద్దకట్టదు. ఊగిసలాడే లూపులు (గొలుసులో వంకర తిరిగిన భాగాలు), హెలిక్సుల (స్ప్రింగులా చుట్టుకున్న భాగాల) కొనలు బిగుసుకోవడమే వేడికి ఇంతగా తట్టుకోవడానికి కారణమని స్ఫటిక నిర్మాణమూ, ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో అణువుల నిర్మాణాన్ని, కదలికలను చూసే పద్ధతి) పరీక్షలూ సూచించాయి. ఆ మార్పుల్లో మూడు ప్రోలిన్‌లు ఉండటం గమనార్హం. గొలుసు స్వేచ్ఛగా మెలితిరగకుండా అడ్డుపడే అమైనో ఆమ్లం ప్రోలినే కదా.

పాఠం ప్రకారమైతే ఇంత బిగుసుకున్న ఎంజైమ్ నెమ్మదించాలి. కానీ దాని చురుకుదనమూ పెరిగింది. క్రియాస్థానం మాత్రమైనా వదులుగా మిగిలిందేమోనని కంప్యూటర్ అనుకరణలతో, ఫ్లోరసెన్స్ (అణువులు వెలువరించే కాంతి) కొలతలతో పరిశీలిస్తే, అదీ సహజ రూపం కంటే బిగువుగానే ఉన్నట్టు తేలిందని 2012 నాటి వ్యాసం చెబుతోంది. ఈ లైపేజ్ పని చేసేటప్పుడు క్రియాస్థానం పెద్దగా సర్దుకోవలసిన అవసరం లేదని, ఆ మూడు అమైనో ఆమ్లాల అమరిక చెదరకుండా ఉండటమే లాభించి ఉండవచ్చని ఆ పరిశోధకుల వివరణ.

ఈ.కోలై బాక్టీరియాలోని డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే మరో ఎంజైమ్ సంగతి వేరు. అందులో ‘మెట్20’ అనే లూపు ఒక్కో దశలో ఒక్కో భంగిమ తీసుకుంటుంది; తయారైన పదార్థం బయటకు వెళ్లే దశే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. అక్కడ కదలికను అణచివేస్తే పని దెబ్బతింటుంది. కాబట్టి ఎంజైమ్ ఎంత సడలింపుగా ఉందని కాకుండా, ఏ భాగం, ఏ దశ కోసం, ఎంత వ్యవధిలో కదులుతోందని అడగాలి.

ఆ వ్యవధి దగ్గరే నాకొక సందేహం ఉంది. ఇటువంటి అనుకరణలు, ఫ్లోరసెన్స్ కొలతలు ప్రధానంగా పట్టుకునేది నానోసెకన్ల (సెకనులో వంద కోట్లో వంతు) స్థాయి కదలికలనే. మెట్20 లూపు కదలికలు మిల్లీసెకన్ల (సెకనులో వెయ్యో వంతు) స్థాయివి. పైగా లైపేజ్ చురుకుదనాన్ని ప్రయోగశాలల్లో సాధారణంగా చిన్న ఎస్టర్లతో (కొవ్వుల్లో ఉండే తరహా బంధమున్న చిన్న అణువులతో) కొలుస్తారు. పొడవాటి కొవ్వు గొలుసు వచ్చి చేరినప్పుడు కూడా ఆ బిగువు ఇంతే అనుకూలిస్తుందా అన్నది విడిగా పరీక్షించవలసిన విషయం.