పద్మ చేత సంతకం పెట్టించాలా వద్దా, ఒక కథ రాస్తూ నేను పడ్డ పాట్లు

కథ సింపులే. 2004, నరసరావుపేట దగ్గర ఒక ఊరు, పెద్దలనాటి పొలం తొమ్మిదెకరాలు, అమ్మ ఎప్పుడో పోయింది, ఇప్పుడు వీలునామా రాయకుండా నాన్న కూడా పోయాడు. అన్నయ్య హక్కు వదులుకునే కాగితాలు తెచ్చి చెల్లెలు పద్మని సంతకం అడుగుతాడు. రాస్తే పేజీ నిండా "ఆమె గుండెల్లో తుఫాను చెలరేగింది" టైపు వాక్యాలే, టీవీ సీరియల్లో ఒకే మొహాన్ని మూడుసార్లు చూపించినట్టు. పద్మ మాత్రం కదల్లేదు.

ముందు అన్నయ్యని మార్చా. వాడు తాగుబోతో ఆశపోతో అయితే పద్మకి ఆలోచించే పనేముంది, పెట్టను పో అంటుంది. అందుకే మంచోణ్ణి చేశా. నాన్న పక్షవాతంతో మంచాన పడితే ఒంటిచేత్తో చూసుకున్నాడు, పద్మ పురుడూ ఆ ఇంట్లోనే పోశారు. ఇటుపక్క పద్మ కూతురికి ఇంజనీరింగ్ సీటొచ్చింది, ఫీజు కట్టాలి. బానే ఉంది కానీ ఇంకా లెక్కల పుస్తకంలాగే ఉంది, అటు కాస్త ఇటు కాస్త.

కథని లేపింది చట్టం. ఎన్టీఆర్ హయాంలో హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన సవరణ ప్రకారం పెద్దలనాటి ఆస్తిలో ఆడపిల్లకి కొడుకుతో సమానంగా వాటా, అయితే 1985 సెప్టెంబర్ 5 కంటే ముందు పెళ్ళైపోయినవాళ్ళకి అప్పట్లో అది వర్తించేది కాదు (కేంద్రం చట్టం మార్చింది 2005లో, అంటే కథ జరిగాక). నేనేం చేశానంటే పద్మకో అక్కని పెట్టి ఆవిడ పెళ్ళి 85 వేసవిలో చేసేశా, పద్మది 86లో. తెలిసిన లాయరు గారు కాగితం మీద లెక్కేసి చూపించారు, ముందు నాన్నకీ అన్నయ్యకీ పద్మకీ తలా మూడు, నాన్న మూడూ పిల్లలు ముగ్గురికీ తలా ఒకటి, మొత్తం అన్నయ్యకి నాలుగు, పద్మకి నాలుగు, అక్కకి నాన్న భాగంలోంచి వచ్చే ఒక్క ఎకరం. ఆ ఎకరం కూడా అక్క తమ్ముడికి అప్పుడే రాసిచ్చేసింది.

ఇక్కడ పద్మ తనంతట తనే ఆలోచించడం మొదలెట్టింది. "ఒక్క ఎకరం వదులుకోడానికేం, నాలుగు వదులుకోమను చూద్దాం" అనుకుంటుంది, వెంటనే సిగ్గుపడుతుంది, ముహూర్తం ఎప్పుడు కుదిరిందన్నది అక్క తప్పా ఏంటి. ఇలాంటి పాడు ఆలోచన ఒకటి రానిస్తే గానీ మంచి క్యారెక్టర్ మనిషి అవ్వదని నా గట్టి నమ్మకం.

తుఫాను వాక్యాలన్నీ కొట్టేసి సీన్ ఇలా ఉంచా:

"చదువుకున్నావుగా అమ్మడూ, ఇంకేంటి?"

"బోరు సర్వీసు ఎవరి పేరు మీదుందన్నయ్యా?"

"నాన్న పేరే ఇంకా. ఎందుకు?"

"ఊరికే."

తనకి అక్కర్లేని సంగతి అడుగుతోంది, పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది. వదిన కాఫీ తెచ్చి పక్కన పెట్టి ఏం మాట్లాడకుండా లోపలికెళ్ళింది. చదివిన ఫ్రెండ్స్‌లో ఒకడు పెట్టేస్తుందన్నాడు, ఇంకొకామె చచ్చినా పెట్టదంది, ఇద్దరూ ఆ బోరు మాటనే చూపించారు.

చివరికి పద్మ "ఇవాళ వర్జ్యం ఎప్పుడుందో పంచాంగం చూడన్నయ్యా" అంటుంది. ముగింపు ఇంకాస్త తేల్చమని అడుగుతున్నారు, నేనైతే తేల్చట్లేదు.