దినాం జోకుడు

పొద్దుగాల మా ఇంట్ల మొదటి పని జోకుడు. బాత్రూంకు పోయొచ్చి, చాయ తాగకముందే, అదే లుంగీ మీద కాంట ఎక్కుత. కిరాణం షాపోళ్లు ఇచ్చిన క్యాలెండర్ల ఆ తారీఖు గడిలనే అంకె రాస్త. పెన్సిల్‌కు దారం కట్టి మొలకు యాలాడేసింది మా ఇంటామె. "మేడారంల ఎత్తు బంగారం ఇచ్చెటోళ్లు రెండేండ్లకోసారి జోకిపిచ్చుకుంటరు, నువ్వేమో దినాం" అని నవ్వుతది.

అప్పట్ల ఈ నవ్వు లేదు. ఎల్లెలుకల పండుకుంటే దమ్మొచ్చేది. ఒక మెత్త రెండయింది, మూడయింది, ఆఖరికి పడక కుర్చీల కూసోనే నిద్ర. గ్యాసనుకోని సోడాలు తాగిన. చెప్పులు బిర్రుగైతే చెప్పులనే తిట్టిన. ఓ రాత్రి ఊపిరాడక హన్మకొండల దవాఖానకు పోతే, ఎకో (గుండె స్కానింగు) తీసి గుండె పంపింగు 30 శాతమే ఉంది, హార్ట్ ఫెయిల్యూర్ అన్నరు. అంటే గుండె ఆగలేదు, నెత్తురు తోసే బలం తగ్గింది, అందుకే ఒంట్ల నీరు నిలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ నీరు కాళ్లల్ల కనబడకముందే కాంట మీద కనబడొచ్చట. మూడు రోజుల్ల రెండు కిలోలు పెరిగితే ఫోన్ చెయ్యమంది.

మొన్న సంక్రాంతికి అదే అయింది. మా ఇంటామె నాకని ఉప్పు తక్కువేసి వేరే సకినాలు చుట్టింది. నేను చెల్లె పంపినయి తిన్న, చింతకాయ తొక్కు నంజుకుంట. భోగి నాడు 64.2. కనుమ తెల్లారి 66.5. పానం మాత్రం మంచిగనే ఉంది, గదే మోసం. కాంట ఖరాబైందన్న. ఆమె మాట్లాడకుంట 25 కిలోల బియ్యం బస్తా దాని మీద పెట్టింది. 25 చూపెట్టింది. తర్వాత నా మడిమె పైన బొటనేలుతోని ఒత్తింది. రొట్టెపిండిల పడ్డట్టు గుంట పడ్డది. అది నిండేదాక లెక్కపెట్టిన, పది దాటింది.

ఫోన్ చేస్తే, ఒంట్ల నీరు బయటికి పంపే నీళ్ల గోలీ మూడు రోజులు రెండేసుకొమ్మంది డాక్టరమ్మ. తర్వాత మళ్ల ఒకటే, రక్తపరీక్షకు రావాలె, సొంతంగ ఎన్నడు పెంచుకోవద్దని గట్టిగ చెప్పింది. ఆ మూడు రోజులు భద్రకాళి చెరువు కట్ట మీదికి నడకకు పోలే. బాత్రూంకు దూరమయ్యే ధైర్యమెక్కడిది!

64.4కు దిగింది. మెత్త ఒక్కటే ఉంది. క్యాలెండర్ల 66.5 చుట్టూ మా ఇంటామె ఎర్ర పెన్నుతోని సున్న చుట్టి, పక్కన 'తొక్కు' అని రాసిపెట్టింది.