కార్డు మీద సంతకం

మా నాన్న గుంటూరు పట్నంబజారులో దర్జీ. బడి నుంచి రాగానే కొట్లో కూర్చుని కాజాలు కుట్టేవాణ్ణి. 1997లో ఎయిర్‌ఫోర్స్‌లో చేరాను. బెల్గాంలో ట్రైనింగ్‌లో ఉండగా నాకు సేఫ్టీ ఎక్విప్‌మెంట్ ట్రేడ్ ఇచ్చారు. పారాచూట్లు, లైఫ్ జాకెట్లు చూసుకునే పని. ఎస్టీడీ బూత్ నుంచి చెబితే, "మళ్లీ గుడ్డ పనేనా!" అని నాన్న సంబరపడ్డారు. నాకూ తెలిసిన పనే కదా అనిపించింది.

ఆ ధీమా మొదటి వారంలోనే పోయింది. దూకి వచ్చిన పారాచూట్‌ను ముందు ఎత్తున వేలాడదీసి, గడ్డి, మట్టి దులిపి, నీడలోనే ఆరబెట్టాలి. మన ఊళ్లో మిరపకాయల దగ్గర్నుంచి పరుపుల దాకా ఏది తడిసినా ఎండలో వేస్తాం. నైలాన్‌కి ఎండే శత్రువు, పైకి బాగానే కనిపిస్తూ లోపల బలం పోతుంది. బ్యాటరీ యాసిడ్ చుక్క పడినా అంతే.

తర్వాత పొడవాటి బల్ల మీద పరిచి తాళ్లన్నీ చిక్కు లేకుండా వరస చూడాలి. ఒక్క తాడు గొడుగు మీదుగా పడినా అది పూర్తిగా విచ్చుకోదు. మడతలు జారకుండా వాటి మీద చిన్న చిన్న బరువు సంచులు పెడతాం. ఒక దశ అయ్యాక చేతులు తీసి నిలబడాలి. మాకు పని నేర్పే ఉస్తాద్ వచ్చి వేళ్లతో తడిమి చూసి సరేనంటేనే తర్వాతి దశ. పారాట్రూపర్ దూకేది సుమారు 1,250 అడుగుల నుంచి. విమానంలోని తీగకు తగిలించిన స్టాటిక్ లైన్ అనే పట్టీయే పారాచూట్‌ను లాగి తెరుస్తుంది. తెరుచుకోకపోతే, ఛాతీ మీదున్న రిజర్వ్, అంటే రెండో పారాచూట్, లాగడానికి అతనికి ఉండేవి కొన్ని సెకన్లు.

మూడో వారంలో ఒక సాయంత్రం సామాన్లు లెక్కపెడితే ఒక బరువు సంచి తగ్గింది. బల్ల కింద లేదు, జేబుల్లో లేదు. ఉస్తాద్ కేకలెయ్యలేదు. ఆ రోజు కట్టినవన్నీ విప్పమన్నారు. పొద్దుటి నుంచి అందరూ పడిన కష్టమంతా బల్లల మీద పరుచుకుంది. సంచి నా దాంట్లోనే, రెండు మడతల మధ్య దొరికింది. ఎవరూ ఏమీ అనలేదు. మళ్లీ మొదటి నుంచి కట్టడం మొదలుపెట్టారు. నాకు చేతులు వణికి ఒక ముడి కూడా పడలేదు.

ఆ ఆదివారం నాన్నకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఒరేయ్, సూది కనబడకపోతే నేను ఏనాడైనా కొట్టు కట్టేశానా?" అన్నారు. నిజమే. దీపావళి రద్దీలో కూడా నాన్న మిషన్ ఆపేసి, కుట్టిన జాకెట్లన్నీ ఒక్కొక్కటే అరచేత్తో తడిమేవారు. అది నేను రోజూ చూశాను, నేర్చుకోలేదు. అప్పటి నుంచి పని మొదలెట్టే ముందు బరువు సంచులను వరసగా పేర్చి, తీసిన ప్రతిదాన్నీ అదే చోట పెట్టడం అలవాటు చేసుకున్నాను. నెలలు పట్టింది గానీ పరీక్ష పాసయ్యాను. ఒంటరిగా కట్టి, పారాచూట్‌తో పాటు ఉండే కార్డు మీద కట్టింది నేనేనని సంతకం పెట్టే అనుమతి వచ్చింది. మొదటి సంతకం పెట్టిన రాత్రి నిద్ర పట్టలేదు, ఆ పారాచూట్‌లో తాళ్ల వరస అంతా మనసులో మళ్లీ చూసుకున్నాను.

తర్వాత ఆగ్రాకి పోస్టింగ్ వచ్చింది. అక్కడి పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్లో బ్యాడ్జి రావాలంటే ఐదు సార్లు దూకాలి, అందులో ఒకటి రాత్రిపూట. ఒక రోజు వాళ్లు దిగే మైదానం, మల్‌పురా డ్రాప్ జోన్‌కి వెళ్లాను. ఏఎన్-32 విమానం నుంచి ఒక్కొక్కరే బయటికి వస్తుంటే, చివరిది విచ్చుకునే దాకా ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను. మొదటిసారి దూకిన కుర్రాడొకడు పారాచూట్ భుజాన వేసుకుని వచ్చాడు. నేను తెలుగువాణ్ణని తెలిసి, "అన్నా, మాది తెనాలి. ఇది కట్టింది మీరేనా?" అన్నాడు. కార్డు తీసి చూశాను. నా సంతకం కాదు, నా పక్క బల్ల మీద పనిచేసే ఒడియా అబ్బాయిది. సాయంత్రం అతనికి చెప్పాను. "ఎలా దిగాడు?" అన్నాడు. రెండు కాళ్లూ కలిపి చక్కగా దిగాడని చెప్పాను.