భుజం నొప్పికి వెళ్తే బయటపడ్డ షుగర్ సంగతి

మా పుట్టిల్లు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. అక్కడ ఎవరికి కీళ్లు పట్టేసినా ముందు వినిపించే మాట ఫ్లోరైడ్ నీళ్లు. అందుకే నా కుడి భుజం లేవడం మానేసినప్పుడు ఇంట్లో ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. "ఆ నీళ్లు తాగిన ఒళ్లు బిడ్డా, ఊకెనే పోతదా" అంది అమ్మ. తీసిపారేసే అనుమానం కాదది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఇప్పుడొచ్చాయి గానీ, మేం బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లం. నడుములు వంగిపోయినవాళ్లు మా వాడకట్టులోనే ఉన్నారు.

నల్లగొండలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. నాకు భుజం పోతే బతుకుదెరువు పోయినట్టే. మొదట చెయ్యి వీపు వెనక్కి పోయేది కాదు. తర్వాత జడ వేసుకోవడానికి కూడా లేవలేదు. టేబుల్ మీద బట్ట పరిచి కత్తెర చివరిదాకా తోస్తే, భుజంలో మేకు దిగ్గొట్టినట్టుండేది. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే మెలకువ వచ్చేసేది. బతుకమ్మ పండుగ దగ్గర పడుతోంది, కుట్టాల్సిన జాకెట్లు కుప్పగా ఉన్నాయి. ఆ టెన్షన్‌తోనే ఎముకల డాక్టర్ దగ్గరికి పోయాను.

ఆయన చెయ్యి అటూ ఇటూ తిప్పి, ఎక్స్‌రే చూసి, "ఫ్రోజెన్ షోల్డర్ అమ్మా" అన్నారు. వెంటనే, "షుగర్ ఉందా? కాన్పులప్పుడు ఎప్పుడైనా వచ్చిందా?" అని అడిగారు. భుజానికీ షుగర్‌కూ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. షుగర్ ఉన్నవాళ్లలో భుజం ఇలా పట్టేయడం మిగతావాళ్లకంటే ఎక్కువట. ఒక్కోసారి షుగర్ సంగతి ముందుగా ఇలాగే బయటపడుతుందట.

రెండో కాన్పులో నాకు షుగర్ వచ్చింది. బాబు పుట్టాక పోయింది. ఇంటికి పంపేటప్పుడు ఇంకేం భయం లేదన్నారు. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన ఆడవాళ్లు కాన్పయ్యాక 6 నుంచి 12 వారాల లోపు మళ్లీ టెస్ట్ చేయించుకోవాలి. నార్మల్ అని వచ్చినా ఆ తర్వాత ఏడాదికో, మరీ ఆలస్యమైతే మూడేళ్లకో ఒకసారి చూపించుకుంటూనే ఉండాలి. వాళ్లకు మున్ముందు షుగర్ వచ్చే ముప్పు చాలా ఎక్కువ. ఈ నాలుగు ముక్కలు ఆ ఆస్పత్రిలో ఎవరూ నాకు చెప్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

రిపోర్టులు వచ్చాయి. పరగడుపున 114. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూస్తే 168. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2. షుగర్ డాక్టర్ కాగితం మీద గీత గీసి చూపించారు. పరగడుపున 100 లోపు నార్మల్, 126 నుంచి షుగర్. గ్లూకోజ్ తాగాక 140 లోపు నార్మల్, 200 అయితే షుగర్. హెచ్‌బీఏ1సీ 5.7 లోపు నార్మల్, 6.5 నుంచి షుగర్. మూడింటిలోనూ నేను మధ్యలో ఉన్నాను. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లలో హెచ్‌బీఏ1సీ ఒక్కటి చూస్తే లెక్క తప్పే వీలుంది కాబట్టి మూడూ చేయించానన్నారు. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైనే, నాలాగా అంచున ఉన్నవాళ్లు 13 కోట్ల పైనే.

"మాత్ర రాయండి సార్, వేసుకుంటా" అన్నాను. ఆయన చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం నాలాంటివాళ్ల మీద చేసి 2006లో బయటపెట్టిన పరిశోధన సంగతి చెప్పారు. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్‌లోకి జారే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో 26.4 శాతం. రెండూ కలిపినవాళ్లకు అంతకంటే ఎక్కువ లాభమేమీ కనిపించలేదు. "ముందు మీ చేతిలో ఉన్నది చేయండమ్మా. చాలకపోతే మాత్ర సంగతి చూద్దాం" అన్నారు. నాకప్పుడు 68 కిలోలు. ఐదు కిలోలు తగ్గినా చాలన్నారు.

బరువుకంటే నడుము కొలత ముఖ్యమని కూడా చెప్పారు. మన దేశపు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదు. ఈ మాట నాకు చప్పున అర్థమైంది. మాకు సీజన్ లేకపోయినా ఆగని పని ఒకటుంది, పాత జాకెట్ల సైడు కుట్లు విప్పి లూజు చేయడం. లోపల వదిలిన బట్టంతా అయిపోయి, చంక కింద ముక్క వేసి కుట్టిచ్చినవి ఎన్నో. ఆ రాత్రి షాపు మూసేముందు టేపు నా నడుముకే చుట్టి చూసుకున్నాను. 37 అంగుళాలు. 80 సెంటీమీటర్లంటే ముప్పై ఒకటిన్నర.

ఇంటికొచ్చి అసలు పని మొదలుపెట్టాను. షుగర్ అనగానే మన ఇళ్లల్లో ఆ మనిషికి వేరే గిన్నె పెడతారు. అందరికీ అన్నం, ఆమెకు రొట్టె. ఆ పద్ధతి నిలవదని నా నమ్మకం. ఇద్దరికి రెండు వంటలు చేసే ఓపిక ఏ ఆడదానికీ ఎక్కువ రోజులుండదు, ముందుగా మానేసేది తన వంటే. పైగా మా ఆయనకూ పొట్ట ఉంది, వాళ్ల నాయనకు షుగర్ ఉండేది. అందుకే ఇంటి గిన్నెనే మార్చాను. మూడు గ్లాసుల బియ్యం పోసే చోట ఒకటిన్నర. పప్పు రెట్టింపు. ఇదివరకు మా కంచంలో అన్నం కుప్పగా, కూర పక్కన గరిటెడు ఉండేది. ఇప్పుడు బీరకాయో, పుంటికూర పప్పో గిన్నెడు ముందు తినాలి. ఆ తర్వాతే అన్నం. అదే తిండి అయినా కూర, పప్పు ముందు కడుపులో పడితే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. సాయంత్రం చాయ్‌తో తినే బిస్కెట్ల చోట బొబ్బెర గుడాలో శనగ గుడాలో వచ్చాయి.

మా అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు. "గింత బువ్వ తింటే పానం నిలుస్తదా?" అని రోజూ గొణిగేది. ఆమెది హాలియా దగ్గర ఊరు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలినప్పుడు చిన్నపిల్ల. అంతకుముందు వాళ్లింట్లో జొన్న గట్క, సజ్జ రొట్టె, వరి బువ్వ పండుగ పూటనే. ఆకలి తెలిసిన మనిషికి కంచంలో అన్నం తగ్గించడం ఎలా నచ్చుతుంది? ఇప్పుడు రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తోంది, అది మంచిదే. వాదించకుండా రాత్రి పూట రొట్టెలు ఆమెనే చేయమన్నాను. వేడినీళ్లతో పిండి కలిపి, అరచేత్తో చరుస్తూ తిప్పితే అంచు పగలకుండా గుండ్రంగా వస్తుంది ఆమెకు. నా భుజం ఆ పనికి లేవలేదు కూడా.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. జొన్నరొట్టె తింటే షుగర్ రాదని చాలామంది ధీమాగా నాలుగైదు లాగిస్తారు. జొన్నలోనూ పిండిపదార్థం బియ్యానికి కాస్త తక్కువగా ఉంటుందంతే. పీచు ఎక్కువ కాబట్టి మెల్లగా అరుగుతుంది. ఒకటి, మహా అయితే రెండు, పక్కన కూర దండిగా. తైదల (రాగుల) జావ కూడా అంతే, మెత్తటి పిండితో పలచగా కాచి తాగితే తొందరగా ఒంట్లోకి పోతుంది. మన నల్లగొండ బత్తాయి తొనలుగా తింటే మంచిదే. జ్యూస్ బండి దగ్గర నాలుగు కాయలు పిండి, పీచు వడగట్టి, చక్కెర వేసి ఇచ్చే గ్లాసు మాత్రం వద్దు.

నడక నాకు కష్టమైన భాగం. వారానికి 150 నిమిషాలన్నారు డాక్టర్. పొద్దున ఇంటి పని, పగలు షాపు, ఎండాకాలం మన ఎండ సంగతి తెలిసిందే. దాంతో భోజనాల తర్వాతకు మార్చుకున్నాను. తిన్న వెంటనే పది, పదిహేను నిమిషాలు నడిస్తే పిక్కలు, తొడల కండరాలు రక్తంలోని చక్కెరను అక్కడికక్కడే వాడుకుంటాయి. రాత్రి మా గల్లీలో నేనూ పెద్దబిడ్డా తిరుగుతాం. ఆదివారం పానగల్లు చెరువు కట్ట. కుట్టు మిషన్ ముందు అదేపనిగా కూర్చోకుండా ఒక్కో జాకెట్ అవగానే లేచి, హుక్కులు, కాజాల పని నిలబడి చేస్తున్నాను. పండుగ సీజన్‌లో రాత్రి ఒంటిగంటదాకా కుట్టడం మానేసి, ఆర్డర్లు తక్కువ తీసుకున్నాను. డబ్బు తగ్గింది. నిద్ర చాలని మర్నాడు ఆకలి అదుపులో ఉండదు, అది స్వయంగా గమనించాను.

భుజం మాత్రం చాలా నెమ్మది. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించడం, ముందుకు వంగి చేతిని వేలాడదీసి ఊపడం, వేడి కాపడం. ఎంత ఎత్తుకు చెయ్యి పోయిందో గోడ మీద మార్కింగ్ చాక్‌తో గీతలు పెట్టేదాన్ని. నెలల తరబడి ఒకే గీత దగ్గర ఆగిపోయిన రోజుల్లో ఏడుపొచ్చేది. ఏడాది దాటాక సులువైంది. ఇప్పుడు జడ నేనే వేసుకుంటున్నా, వెనక్కి పూర్తిగా తిరగడానికి ఇంకాస్త మిగిలి ఉంది.

బరువు 62కు వచ్చింది, నడుము 34కు. మొన్న పరగడుపున 97, హెచ్‌బీఏ1సీ 5.6. పాత తిండికి వెళ్తే మళ్లీ పెరుగుతుందని డాక్టర్ చెప్పారు, ఏడాదికోసారి రమ్మన్నారు. మా ఆయన పొట్ట కూడా తగ్గింది. అత్తమ్మ గొణుగుడు ఆగలేదు గానీ, ఇప్పుడు ముందు కూర గిన్నె తనే అందిస్తోంది.

షాపులో కొలతలు తీసేటప్పుడు ఆడవాళ్లను ఒక్కటే అడుగుతున్నా, కాన్పులో షుగర్ వచ్చిందా అని. "అవునక్కా, పోయింది కదా" అని చాలామంది అంటారు. 30 దాటినవాళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ ఉచితంగానే చూస్తారు, పొమ్మని చెప్తున్నా. వచ్చే సోమవారం దేవరకొండ నుంచి మా చెల్లెలు వస్తోంది. దానికీ చిన్న కాన్పులో షుగర్ వచ్చింది. పరగడుపున రమ్మన్నాను, బస్సు దిగగానే ల్యాబ్‌కే తీసుకెళ్తాను.