జీను ఎక్కకముందు నేర్చుకున్నది

గుర్రపుస్వారీ నేర్చుకుందామని హైదరాబాద్ శివార్లలో ఒక రైడింగ్ స్కూల్లో చేరాను. మొదట్లో మా సార్ నన్ను అసలు గుర్రం ఎక్కనివ్వలేదు. పక్కన నిలబడటం, నడిపించడం, ఒళ్లు తోమడం వచ్చాకే జీను అన్నారు. ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. పైనుంచి పడతామేమోనని అందరికీ టెన్షనే. నేల మీద తగిలే దెబ్బల గురించి మాత్రం ఎవరూ ఆలోచించరు. నాలుగైదు వందల కిలోల జంతువు ఒక్క అడుగు పక్కకు వేస్తే చాలు, మన పాదం డెక్క కింద నలిగిపోతుంది. అందుకే అక్కడ చెప్పులతో లోపలికి రానివ్వరు. గట్టి బూట్లు ఉండాల్సిందే.

ముందు నేర్పింది దగ్గరికి వెళ్లే పద్ధతి. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. సరిగ్గా నుదుటి ముందు, తోక వెనక మాత్రం కనపడదు. అక్కడ హఠాత్తుగా ఏదైనా తగిలితే బెదిరిపోతుంది. బెదిరితే పారిపోవాలని చూస్తుంది, దారి లేకపోతే తంతుంది. అందుకని ఎడమ భుజం వైపుగా, మాట్లాడుతూ వెళ్లి ముందు మెడ మీదో భుజం మీదో చెయ్యి వేయాలి. నేరుగా ముఖం మీదికి చెయ్యి చాపకూడదు.

నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది వెనక నుంచి దాటడం. భయంతో ఎవరైనా రెండు మూడు అడుగుల దూరం జరుగుతారు. అసలు ప్రమాదం అక్కడే, కాలు పూర్తిగా చాచినప్పుడు తన్ను బలమంతా అక్కడే పడుతుంది. దాటాలంటే కనీసం పదీ పన్నెండు అడుగుల దూరం నుంచైనా వెళ్లాలి, లేదా పిరుదు మీద చెయ్యి వేసి, మాట్లాడుతూ, దాని ఒంటికి ఆనుకున్నట్టుగా వెళ్లాలి. అంత దగ్గరగా ఉంటే తన్నినా నెట్టినట్టే ఉంటుంది, కాలికి ఊపు అందదు. నేను ఎక్కువగా దూరం నుంచే వెళ్తాను.

నడిపించేటప్పుడు గుర్రాలను చూసుకునే ఆయన పక్కనే ఉండి, "తాడు చేతికి చుట్టుకోవద్దు మేడమ్, మడతలు పెట్టి పట్టుకోండి" అనేవారు. గుర్రం పరుగు లంకించుకుంటే చుట్టిన తాడు బిగుసుకుని వేళ్లు విరుగుతాయి, మనిషినే ఈడ్చుకుపోవచ్చు. మనం దాని భుజం పక్కన నడవాలి. తిప్పాల్సి వస్తే మన వైపు లాక్కోకుండా అవతలి వైపుకు నెట్టాలి, అప్పుడు పాదాలు భద్రం. డెక్కలు శుభ్రం చేసేటప్పుడు వంగాలే తప్ప కింద కూర్చోకూడదు, మోకాళ్ల మీద ఉండకూడదు. ఎప్పుడైనా పక్కకు తప్పుకునేలా ఉండాలి.

చెవులు చూడటం కూడా అప్పుడే అలవాటైంది. ముందుకు నిక్కబొడుచుకుంటే దేన్నో గమనిస్తోందని. వెనక్కి వాల్చి తలకు అంటించేస్తే కోపంగా ఉందని, ఆగిపోవాలి.

ఇవన్నీ తెలిశాక బరాత్‌లలో గుర్రాన్ని చూస్తే నాకు గుండె దడ. డీజే మోత, కాళ్ల దగ్గరే టపాసులు, ఫొటో కోసం తోక పక్కన నిలబెట్టిన పిల్లలు. పారిపోవడానికి దారి లేని గుర్రం అది. ఆ పిల్లలను పక్కకు పిలవడానికి నేను ఇప్పుడు మొహమాటపడను. టపాసులు దూరంగా కాల్చమని పెళ్లివారిని అడుగుతాను. కొందరు వింటారు కూడా.

చివరగా నేర్పింది పచ్చికలో వదలడం. గేటు దాటగానే హాల్టర్, అంటే తలకు కట్టే పట్టీ, విప్పకూడదు. ముందు గుర్రాన్ని వెనక్కి తిప్పి, దాని తల గేటు వైపు ఉండేలా నిలబెట్టాలి. అప్పుడు విప్పి, మనం గేటు వైపు తప్పుకోవాలి. స్వేచ్ఛ దొరికిన ఉత్సాహంతో అది గిరుక్కున తిరిగి వెనక కాళ్లు ఝాడిస్తూ పరిగెత్తుతుంది. ఆ సమయానికి మనం వాటికి అందనంత దూరంలో ఉండాలి.