బాలింత కాలి వాపు

సిజేరియన్ అయ్యాక తెనాలిలో పుట్టింట్లో ఉండగా నా ఎడమ కాలు వాచింది. పిక్క గట్టిపడి, ముట్టుకుంటే వేడిగా ఉండేది. కుడి కాలు మామూలే. కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మతో చెప్పాను. ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "బాలింతలకి నీరు దిగడం మామూలేనమ్మా, నూనె రాసి మర్దన చేయించుకో" అంది. ఆ మాట నేనింకా మర్చిపోలేదు. ఒక్క కాలే వాచి నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని చూడాలి. అది తెలియకుండానే డాక్టరయిందా?

అమ్మ పాపం నువ్వులనూనె కాచి రోజూ పట్టేది. మంచం దిగనిచ్చేది కాదు. పొట్ట పెరుగుతుందని నీళ్లు కూడా కొలిచే పోసేది.

ఓ అర్ధరాత్రి పాపకి పాలిస్తున్నాను. ఊపిరి పీలిస్తే కుడి డొక్కలో కత్తి దించినట్టు పోటు. లేచి కూర్చున్నా గాలి అందడం లేదు. గుండె ఒకటే దడ. "వాతం చేసిందే, కాస్త వాము నములు" అంది అమ్మ. నాన్న ఆవిడతో వాదించలేదు, 108కి ఫోన్ చేశాడు. అంబులెన్స్ కుర్రాడు వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ ఎక్కించి, "కాలు వాచిందా అక్కా? ఒకటేనా?" అని అడిగాడు. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అతనే. గుంటూరు చేరేదాకా నాకు ఒకటే దిగులు, పాప మళ్లీ లేస్తే పాలెవరిస్తారని.

కాలి సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్, ఊపిరితిత్తులకి సీటీ స్కాన్, రక్తం గడ్డకట్టకుండా పొట్టమీద హెపారిన్ సూదులు. కాలి గడ్డలో ముక్క ఊడి ఊపిరితిత్తిలో చేరిందన్నారు. మర్దనకే ఊడిందా అంటే చెప్పలేమన్నారు. అమ్మ ఆ మాట పట్టుకుని చాలా ఏడ్చింది. ఏడవాల్సింది ఆవిడ కాదు.

తర్వాత నెలల తరబడి వార్ఫరిన్, అదీ రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్రే. పాలిచ్చే తల్లి వాడొచ్చట, ప్రాణం లేచొచ్చింది. రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షలో అంకె 2కీ 3కీ మధ్య ఉండాలి. ఆకుకూరల జోలికే వెళ్లొద్దని చుట్టాలంతా చెప్పారు. పెద్ద డాక్టరుగారేమో మానక్కర్లేదు, ఎప్పుడూ ఒకే మోతాదులో తినమన్నారు. వాటిలోని విటమిన్ కె హెచ్చుతగ్గులైతే మందు పనితీరు మారుతుందట. నొప్పి బిళ్లలు, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మాత్రం అడక్కుండా వేసుకోకూడదు.

వెంకన్నే కాపాడాడని అమ్మ నమ్మకం. నా తలనీలాలు మొక్కేసింది, నన్నడక్కుండానే! ఇస్తాను, కాదనను. కానీ ఆ రాత్రి అంబులెన్స్ తోలినవాళ్లకి కూడా ఓ దణ్ణం.

కాన్పయ్యాక 6 వారాల దాకా ఈ ముప్పు ఎక్కువ. సిజేరియన్ అయితే ఇంకా ఎక్కువ. డాక్టరు సరేనన్నాక లేచి నడవండి, నీళ్లు తాగండి, ఒక కాలే వాస్తే డాప్లర్ తీయమని గట్టిగా అడగండి.

మా చెల్లికిప్పుడు నెలలు నిండుతున్నాయి. నా కాగితాలన్నీ దాని డాక్టరుకి చూపించమన్నాను. రక్తసంబంధీకులకి గడ్డకట్టి ఉంటే ముందే చెప్పాలి. ఈసారి నీళ్లచెంబు మంచం పక్కనే పెడతానంటోంది అమ్మ. వాము మాత్రం తప్పదట.