కోల్‌బర్గ్ దశలు కంఠతా వచ్చినా నాకు మార్కులు ఎందుకు రాలేదంటే

ఫ్రెండ్స్, నైతిక వికాస దశా సిద్ధాంతాల (తప్పొప్పుల గురించి మనిషి ఆలోచన దశలవారీగా ఎదుగుతుందనే సిద్ధాంతాల) బలాలు, పరిమితులు రాయమని మాక్ టెస్టులో అడిగితే మొదటిసారి నేను మనస్తత్వవేత్త కోల్‌బర్గ్ చెప్పిన మూడు స్థాయిలు, ఆరు దశలు, హీంజ్ మందు దొంగతనం కథ (భార్యని బతికించడానికి మందు దొంగిలించొచ్చా అన్నది) అంతా రాసి చివర్లో నాలుగు లైన్ల విమర్శ పెట్టాను. సగం మార్కులు కూడా రాలేదు. చాలా బాధేసింది, రాసిందాంట్లో తప్పేమీ లేదు కదా అని. రెండ్రోజుల తర్వాత ప్రశ్న మళ్లీ చదివితే తెలిసింది, వాళ్లడిగింది ఆ దశల్ని ఎంతవరకు నమ్మొచ్చని.

అప్పటినుంచి చదివే పద్ధతి మార్చాను. దశా సిద్ధాంతం మూడు మాటలు చెబుతుంది: దశల వరుస మారదు, ఒక దశలో ఉన్న మనిషి ఏ సమస్యనైనా ఒకే తీరులో ఆలోచిస్తాడు, అన్ని సమాజాల్లోనూ ఇవే దశలు. ఒక్కో మాటకీ ఏ ఆధారం నిలబడింది, ఏది నిలబడలేదు అని చూసుకుంటే బలం, బలహీనత రెండూ అక్కడే దొరుకుతాయి.

వరుస విషయంలో కోల్‌బర్గ్ గట్టిగానే ఉన్నాడు. 1950ల్లో అబ్బాయిలతో మొదలైన అధ్యయనాన్ని ఇరవై ఏళ్లు కొనసాగించి 1983లో ఫలితాలు ఇచ్చారు, మధ్యలో దశ వదిలేసి పైకి దూకినవాళ్లు కనిపించలేదు, వెనక్కి జారినవాళ్లు బాగా తక్కువ. కానీ అంతకుముందు కాలేజీ వయసులో కొందరు వెనక్కి వెళ్లినట్టు కనిపిస్తే స్కోరింగ్ పద్ధతినే మార్చారు, ఆరో దశ మరీ అరుదని స్కోరింగ్ మాన్యువల్ నుంచే తీసేశారు. ఈ రెండూ తప్పకుండా రాయండి.

రెండో మాటే అన్నిటికంటే బలహీనం. తాగి బండి నడపడం లాంటి మామూలు విషయాలు అడిగితే అదే మనుషుల జవాబులు కోల్‌బర్గ్ కథల్లో కంటే కింది దశలో పడ్డాయని పరిశోధకుడు క్రెబ్స్ బృందం చూపించింది. ఇక నీతినీ ఆచారాన్నీ పిల్లలు వేరుగా చూస్తారన్న టురియల్ సంప్రదాయంలో జరిగిన పరిశోధనలు నాకు ఎంతో ఇష్టం. టీచర్ ఒప్పుకుంటే పక్కవాణ్ని కొట్టొచ్చా అని నాలుగేళ్ల పిల్లల్ని అడిగితే కూడదంటారు, బట్టల గురించిన నియమమైతే మార్చుకోవచ్చంటారు. చిన్నపిల్లలకి నీతంటే శిక్ష భయమే అన్న కోల్‌బర్గ్ మొదటి దశ మాట ఇక్కడ కదిలిపోతుంది. కోల్‌బర్గ్ కంటే ముందు పిల్లల నీతి ఆలోచనని పరిశీలించిన పియాజే, ఎవరిది పెద్ద తప్పని అడిగిన కప్పుల కథల్లోనూ (పొరపాటున పగిలిన పదిహేను, జామ్ దొంగిలిస్తూ పగలగొట్టిన ఒకటి) నష్టం, ఉద్దేశం రెండూ ఒకేసారి మారాయి, ఉద్దేశం స్పష్టంగా చెబితే చిన్నపిల్లలూ దాన్ని పట్టించుకుంటారు.

మూడోదానికి పరిశోధకుడు స్నేరీ 1985 సమీక్ష చాలు: 27 దేశాల 45 అధ్యయనాల్లో మొదటి నాలుగు దశలు విస్తృతంగా కనిపించాయి, ఉత్తర సాంప్రదాయ స్థాయి (సమాజ నియమాల్ని దాటి సూత్రాలతో ఆలోచించే ఐదు, ఆరు దశలు) మాత్రం గ్రామీణ సమాజాల్లో దాదాపు లేదు.

కోల్‌బర్గ్‌ని విమర్శించిన గిల్లిగన్ దగ్గర చాలామంది పొరపాటు చేస్తున్నారు. అతని కొలతలో ఆడవాళ్లకి అన్యాయం జరిగిందని రాసి ఆపేస్తారు. స్కోర్లలో స్త్రీ పురుష తేడా చాలా స్వల్పమని 1984లో పరిశోధకుడు వాకర్ చూపించాడు, అయినా న్యాయం ఒక్కటే కొలబద్దా, ఇతరుల పట్ల శ్రద్ధ సంగతేంటి అని ఆమె 1982లో వేసిన ప్రశ్న మిగిలే ఉంది. రెండు వైపులా రాయండి. ఆలోచనకీ ప్రవర్తనకీ సంబంధం ఉంది కానీ అంత బలంగా లేదన్న పరిశోధకుడు బ్లాసీ 1980 సమీక్షకి ఒక్క వాక్యం సరిపోతుంది.

ఇప్పుడు నేను దశల పేర్లని మూడు లైన్లలో ముగించి, మిగతా జాగా అంతా ఈ మూడు మాటలకే ఇస్తున్నాను.